జర్మనీ పీహెచ్‌డీలో "మాగ్నా కుమ్ లౌడే" అంటే గోల్డ్ మెడలా? మన డిస్టింక్షన్‌ని అలా రాసుకోవచ్చా?

నాగర్‌కర్నూల్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల తమ్ముడు జర్మనీలో పీహెచ్‌డీ డిఫెన్స్ (థీసిస్ మీద కమిటీ ముందు జరిగే చివరి మౌఖిక పరీక్ష) పూర్తి చేశాడు. "మాగ్నా కుమ్ లౌడే వచ్చింది" అని ఫోన్‌లో చెప్పాడు. ఊళ్లో దోస్తులు ఫ్లెక్సీ వేస్తామంటున్నారు. దాని మీద "డాక్టర్" అని, "గోల్డ్ మెడల్" అని రాయొచ్చా, లేకపోతే తెలుగులో ఏమని రాయాలి? రెండో సంగతి అడిగినవారిదే. ఎమ్మెస్సీలో 8.6 సీజీపీఏ, డిస్టింక్షన్ ఉంది, ఇప్పుడు అమెరికాకు అప్లై చేస్తున్నారు. రెజ్యూమేలో "మాగ్నా కుమ్ లౌడే" అని రాస్తే బరువుగా ఉంటుందని ఎవరో చెప్పారట. రాయొచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ రెజ్యూమేలో రాయకండి. మాగ్నా కుమ్ లౌడే లాంటి లాటిన్ గౌరవం యూనివర్సిటీ ఇచ్చేది, మార్కులు చూసి మనం తగిలించుకునేది కాదు. మీ మెమో మీద ఏ మాట అచ్చయి ఉందో ఆ మాటే రాయాలి. మీ తమ్ముడిది గోల్డ్ మెడల్ కాదు, కానీ చాలా మంచి ఫలితం. జర్మనీలో పై నుంచి రెండో మెట్టు అది. తెలుగులో "విశేష ప్రశంసతో పీహెచ్‌డీ" అంటే సరిపోతుంది. "డాక్టర్" అని రాసే ముందు మాత్రం ఆగి ఒక మాట అడగాలి. అదేమిటో కింద చెప్తాను.

నేను రసాయనశాస్త్రంలో జర్మనీలోని గోటింగెన్‌లో పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు నల్లగొండలో పాఠాలు చెప్తున్నాను. సాయంత్రం అయితే ఎవరో ఒక పిల్లో పిల్లవాడో ఫైలు పట్టుకొని వస్తారు. దేవరకొండ, మిర్యాలగూడ, హాలియా, అచ్చంపేట నుంచి కూడా వచ్చారు. సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) అన్నీ టేబుల్ మీద పరిచి "మేడమ్, ఇది అక్కడ ఏమవుతుంది?" అని అడుగుతారు. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, డబ్బులు తీసుకోను. అందుకే ఈ ప్రశ్నకు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు మాటల అర్థం చూద్దాం. ఇవి వినగానే మంత్రాల్లా అనిపిస్తాయి గానీ, తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు చాలా తేలిక. "కుమ్" అంటే "తో". "లౌస్" అంటే ప్రశంస, అది విభక్తి చేరితే "లౌడే" అవుతుంది. కలిపితే "ప్రశంసతో". "మాగ్నా" అంటే గొప్ప, "సుమ్మా" అంటే అన్నిటికంటే పైది. బడిలో బట్టీ పట్టాం కదా, "చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి" అని. ఇక్కడున్నది ఆ "తోడన్, తోన్" అర్థమే. లాటిన్‌లో మన తృతీయ పనీ పంచమి పనీ ఒకే విభక్తి చేస్తుంది. ఇంకో తేడా, మనకు "తో" మాట వెనక వస్తుంది, వాళ్లకు ముందు వస్తుంది. విశేషణం ఉంటే "తో" వెళ్లి రెండు మాటల నడుమ కూర్చుంటుంది: గొప్ప‑తో‑ప్రశంస, మాగ్నా కుమ్ లౌడే. వరస వింతగా ఉంది గానీ అర్థం మాత్రం "గొప్ప ప్రశంసతో" అనే.

మీరు ఇదివరకే లాటిన్ మాట్లాడుతున్నారని కూడా చెప్పాలి. ప్రాక్టికల్స్ రోజు "వైవా ఎలా అయింది?" అని అడుగుతాం కదా, అది "వీవా వోచే". ప్రాణమున్న గొంతుతో, అంటే కాగితం మీద కాకుండా నోటితో జవాబు చెప్పడం. అందులోనూ అదే "తో" ఉంది. పట్టాకు అప్లై చేసేటప్పుడు "ఇన్ ఆబ్సెన్షియా" అని టిక్ పెడతాం, అంటే "లేని సమయంలో", స్నాతకోత్సవానికి రాకుండానే పట్టా తీసుకోవడం. ఈ మాటలు మనకు కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, ఒకే మాట ఒక్కో దేశంలో ఒక్కో మెట్టు మీద ఉండడం. గందరగోళమంతా అక్కడే.

జర్మనీ సంగతే ముందు వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ తమ్ముడిది అక్కడే. అక్కడ బీఎస్సీ, ఎమ్మెస్సీలకు అంకెల్లో గ్రేడ్ ఇస్తారు. 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 పాస్, 5 ఫెయిల్. మనకు తలకిందులు. లాటిన్ మాటలు ఎక్కువగా వినిపించేది డాక్టరేట్‌లో. పై నుంచి కిందికి మామూలుగా ఇవీ: సుమ్మా కుమ్ లౌడే, మాగ్నా కుమ్ లౌడే, కుమ్ లౌడే, రీటే. కొన్ని యూనివర్సిటీల్లో రీటే పక్కన "సాటిస్ బేనే" కూడా కనిపిస్తుంది, "తగినంత బాగుంది" అని. ఫెయిలైతే "నాన్ సుఫికిట్", చాలదు అని. మాగ్నాను జర్మన్‌లో "జేర్ గూట్" అంటారు, అంటే చాలా బాగుంది అని.

"రీటే" గురించి ఒక మాట. దానికి అర్థం "విధి ప్రకారం, సక్రమంగా". అంటే నియమాలన్నీ పాటించి డాక్టరేట్ పొందారని. అదేమీ తిట్టు కాదు. రీటే వచ్చినవాళ్లు కూడా పూర్తి డాక్టర్లే, పట్టాలో తక్కువేమీ లేదు. కానీ ప్రొఫెసర్ ఉద్యోగాలకు పోటీ పడేటప్పుడు అది అడ్డమవుతుంది, ఎందుకంటే పాస్ అయిన గ్రేడ్లలో అన్నిటికంటే కింది మెట్టు అది. ఒకసారి ఒక తండ్రి నన్ను "మా అబ్బాయికి రీటే వచ్చిందట, అది ఫెయిలా?" అని వణుకుతున్న గొంతుతో అడిగారు. కాదని చెప్పి, దాని అర్థం వివరించేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిది రోజులుగా కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదట. మాటకు అర్థం తెలియకపోవడం వల్ల ఇళ్లల్లో ఇంత జరుగుతుంది. అందుకే దీన్ని చిన్న విషయంగా చూడను.

నా సంగతి కూడా చెప్తాను. నా డిఫెన్స్ రోజు ప్రశ్నలన్నీ అయ్యాక నన్ను బయట నిలబెట్టి కమిటీ తలుపు వేసుకుంది. పావుగంట పట్టి ఉంటుంది, నాకు మాత్రం పూట గడిచినట్టు అనిపించింది. లోపలికి పిలిచి అందరూ లేచి నిలబడ్డారు, నా గైడ్ ఒక కాగితం చూసి "మాగ్నా కుమ్ లౌడే" అని చదివారు. ల్యాబ్ పిల్లలు అట్టతో చేసిన నల్ల టోపీ నా తల మీద పెట్టారు. దాని మీద చిన్న ఫ్లాస్కు, నేను రోజూ వాడిన పిపెట్ ముక్క, ఒక బస్సు బొమ్మ అంటించి ఉన్నాయి. బస్సు ఎందుకంటే మా నాయన ఆర్టీసీ కండక్టర్ అని వాళ్లకు తెలుసు. గోటింగెన్‌లో ఒక ఆచారం ఉంది. కొత్త డాక్టర్‌ని పూలు కట్టిన చిన్న బండిలో కూర్చోబెట్టి ఊరి నడిమధ్యకు లాక్కెళ్తారు. అక్కడ పాత టౌన్ హాలు ముందు ఫౌంటెన్ మీద బాతులు కాసే అమ్మాయి విగ్రహం ఉంటుంది. ఆ ఫౌంటెన్ 1901 నుంచి అక్కడ ఉంది. ఎక్కి దాని బుగ్గ మీద ముద్దు పెట్టి పూలు ఇవ్వాలి. నేనూ ఎక్కాను. దిగగానే నాయనకు ఫోన్ చేశాను.

"ఏందది బిడ్డా, ఫస్ట్ క్లాసేనా?" అన్నాడు.

నేను "మాగ్నా నాయనా, పైనుంచి రెండోది" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. నాయన లెక్కలో రెండోది అంటే సెకండ్ క్లాస్. నా పదో తరగతి మెమో నుంచి అన్నీ ట్రంకు పెట్టెలో దాచుకున్న మనిషి. అన్నిటి మీదా ఫస్ట్ క్లాసే ఉంది. అప్పుడు నేను ఇలా చెప్పాను: "నాయనా, మీ డిపోలో సేఫ్టీ అవార్డు ఏడాదికి ఒక్కరికో ఇద్దరికో ఇస్తరు గదా. సుమ్మా అంటే అది. అది రానోళ్లు బండి మంచిగ నడపనోళ్లు కారు. నాది మంచిగ నడిపినోళ్ల వరసల వచ్చింది." అప్పుడు నవ్విండు. "అయితే మంచిగయింది" అన్నాడు.

జర్మనీలో సుమ్మా అరుదుగా ఇస్తారు, ఇవ్వాలి కూడా. చాలాచోట్ల దానికి విడిగా షరతులు ఉంటాయి. పరీక్షకులందరూ ఒప్పుకోవాలి, కొన్నిచోట్ల బయటి యూనివర్సిటీ నుంచి ఇంకో పరీక్షకుడి రిపోర్ట్ తెప్పించాలి. సైన్స్ సబ్జెక్టుల్లో మంచి పని చేసినవాళ్లలో చాలామందికి వచ్చేది మాగ్నానే. కాబట్టి మీ తమ్ముడిని చూసి గర్వపడండి. "సుమ్మా ఎందుకు రాలేదు" అని మాత్రం ఎవరినీ అడగనివ్వకండి.

ఇప్పుడు ఆ "డాక్టర్" సంగతి. జర్మనీలో డిఫెన్స్ అయిన రోజే డాక్టర్ అయిపోరు. థీసిస్‌ని ప్రచురించి, యూనివర్సిటీ లైబ్రరీలో కాపీలు ఇచ్చి, పట్టా చేతికి అందాకే పేరు ముందు ఆ బిరుదు వాడుకోవాలి. దీనికి నెలలు పట్టవచ్చు. అర్హత లేకుండా బిరుదు వాడుకోవడం అక్కడ చట్టప్రకారం శిక్షపడే నేరం. కొన్ని యూనివర్సిటీలు పట్టా వచ్చేదాకా "డాక్టర్ డెస్" అని వాడుకోవడానికి అనుమతిస్తాయి. డెస్ అంటే "డేసిగ్నాటుస్", కాబోయే అని అర్థం. మళ్లీ లాటినే. ఊళ్లో ఫ్లెక్సీ వేస్తే జర్మనీ పోలీసులు రారు, నిజమే. కానీ ఆ ఫ్లెక్సీ ఫొటో వాట్సాప్‌లో తిరిగి ఫేస్‌బుక్‌కెక్కుతుంది, మీ తమ్ముడిని ట్యాగ్ చేస్తారు, వాళ్ల ప్రొఫెసర్ చూస్తారు. ఎందుకొచ్చిన టెన్షన్? పట్టా వచ్చిందా అని మీ తమ్ముడిని ఒక్క మాట అడగండి.

ఇక మిగతా దేశాలు. ఒకే మాట ఎన్ని మెట్లు దిగుతుందో, ఎక్కుతుందో చూడండి.

పక్కనున్న స్విట్జర్లాండ్‌లో కొన్ని యూనివర్సిటీలు సుమ్మాకు, మాగ్నాకు నడుమ "ఇన్సిగ్నీ కుమ్ లౌడే" అని ఇంకో మెట్టు పెట్టుకున్నాయి. కాబట్టి జర్మనీలో రెండోదైన మాగ్నా అక్కడి బాజెల్ యూనివర్సిటీలో మూడోది. సరిహద్దు దాటితే చాలు, మీ మెట్టు మారిపోతుంది.

ఫిన్లాండ్ నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ. అక్కడ మన ఇంటర్ లాంటి స్కూలు చివరి పరీక్షకే లాటిన్ గ్రేడ్లు ఇస్తారు. ఏడు మెట్లు: లౌడాటుర్, ఎక్సిమియా కుమ్ లౌడే అప్రోబాటుర్, మాగ్నా కుమ్ లౌడే అప్రోబాటుర్, కుమ్ లౌడే అప్రోబాటుర్, లుబెంటెర్ అప్రోబాటుర్, అప్రోబాటుర్, చివరిది ఫెయిల్, ఇంప్రోబాటుర్. లౌడాటుర్ అంటే "ప్రశంస పొందుతున్నారు", అప్రోబాటుర్ అంటే "ఆమోదం పొందుతున్నారు", లుబెంటెర్ అంటే "సంతోషంగా". ఒక్కో సబ్జెక్టులో లౌడాటుర్ సుమారు 5 శాతం మందికి వస్తుంది. కుమ్ లౌడే సుమారు నాలుగో వంతు మందికి, సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లకు వస్తుంది. అంటే ఫిన్లాండ్ కుర్రాడు "నాకు కుమ్ లౌడే" అన్నాడంటే "క్లాసులో నడుమ ఉన్నాను" అని చెప్తున్నాడు. అదే మాట నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ మీద ఉంటే అరుదైన గౌరవం. అక్కడ చాలా యూనివర్సిటీల్లో సుమ్మా, మాగ్నా అనే మెట్లే లేవు, ఒక్క కుమ్ లౌడేనే. వందలో ఏ అయిదుగురికో ఇస్తారు.

బెల్జియం వాళ్లు లాటిన్ మాట పెట్టి పక్కన సొంత భాషలోనూ చెప్తారు. డచ్ మాట్లాడే వైపు "ఓండర్‌స్కేయిడింగ్", ఫ్రెంచ్ వైపు "దిస్తాంక్షియోఁ", రెండూ మన డిస్టింక్షనే. దానికి "గొప్ప", "అతి గొప్ప" చేర్చి మాగ్నా, సుమ్మా చెప్పుకుంటారు. ల్యూవెన్ యూనివర్సిటీలో 68 శాతానికి కుమ్ లౌడే, 77కి మాగ్నా, 85కి సుమ్మా. మన పిల్లలు చూసి "68కే ప్రశంసా?" అంటారు. అక్కడ మార్కులు గీసి గీసి వేస్తారని చెప్తాను. మన దగ్గర 85 వచ్చినంత సులువుగా అక్కడ 85 రాదు.

ఇటలీ డిగ్రీకి మొత్తం 110 మార్కులు. ఎందుకు 110 అని అడగకండి, వాళ్లకు అంతే. నిండా వచ్చినవాళ్లకు కమిటీ అంతా ఒక్కమాట మీద ఉంటే "లోడే" చేరుస్తారు: "చెంతోదియెచి ఎ లోడే". ఈ లోడే మన లౌడే కూతురే, నోళ్లలో నలిగి నలిగి అలా అయింది. స్పెయిన్‌లో డాక్టరేట్‌కి "కుమ్ లౌడే" ఇవ్వాలంటే కమిటీ సభ్యులు రహస్యంగా ఓటు వేయాలి, అందరూ అవునంటేనే వస్తుంది. ఒక్కరు కాదన్నా రాదు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. ఎవరి ముఖం చూసీ చెయ్యెత్తాల్సిన పని లేదు.

బ్రిటన్ అయితే లాటిన్ జోలికే పోలేదు. ఫస్ట్, అప్పర్ సెకండ్, లోయర్ సెకండ్, థర్డ్ అంటారు, 70 దాటితే ఫస్ట్. మన ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ వచ్చింది అక్కడి నుంచే. మా తాత మాత్రం "అవ్వల్ దర్జా" అనేవాడు. 1918లో ఉస్మానియా మొదలైనప్పుడు చదువంతా ఉర్దూలోనే కదా. తాత అవ్వల్ దర్జా అన్నా, నాయన ఫస్ట్ క్లాస్ అన్నా, నా పట్టా మీద మాగ్నా అని ఉన్నా, మూడూ ఒకే ఇంట్లో ఒకే పెట్టెలో ఉన్నాయి.

ఈ మధ్య మన జిల్లాల నుంచి ఎంబీబీఎస్‌కు రష్యా, ఫిలిప్పీన్స్ పోయినవాళ్లు చాలామంది ఉన్నారు, కాబట్టి ఆ రెండూ కూడా. రష్యాలో లాటిన్ లేదు, రంగు ఉంది. మామూలు డిప్లమా నీలం, గౌరవంతో వచ్చినది ఎరుపు, "క్రాస్నీ డిప్లమ్". కనీసం 75 శాతం సబ్జెక్టుల్లో "అత్యుత్తమం" రావాలి, చివరి పరీక్షల్లోనూ అదే రావాలి, ఎక్కడా "పర్వాలేదు" అన్న మూడో గ్రేడ్ ఉండకూడదు. ఒక తల్లి ఈ ఎర్ర అట్ట పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. "వేరేవాళ్ల పిల్లలది నీలం ఉంది, మా బిడ్డది ఎర్రగ ఎందుకుంది మేడమ్, ఏమన్న తప్పినాదా?" అని అడిగింది. మన దగ్గర ఎర్ర సిరా అంటే తప్పిన మార్కులే కదా మరి. "అమ్మా, మీ బిడ్డ వాళ్లందరికంటే పైన ఉంది" అని చెప్పాను. ఆ అట్టను కొంగుతో ఒకసారి తుడిచి, మళ్లీ కవర్‌లో పెట్టుకుంది.

ఫిలిప్పీన్స్‌లో లాటిన్ గౌరవమంటే ఊరంతటికీ పండగ. మనలాగే వీధి మలుపులో ఫొటోతో బ్యానర్ కడతారు, "మాగ్నా కుమ్ లౌడే" అని పెద్ద అక్షరాలతో. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ ద ఫిలిప్పీన్స్‌లో సగటు 1.75 లేదా అంతకంటే మెరుగైతే కుమ్ లౌడే, 1.45కి మాగ్నా, 1.20కి సుమ్మా. అక్కడా 1 అన్నదే అన్నిటికంటే మంచి గ్రేడ్. ఇండోనేషియాలో దీన్ని సొంత భాషలో "దెంగన్ పుజియన్" అంటారు, ప్రశంసతో అని. ఆ పుజియన్‌లో ఉన్నది మన సంస్కృతం "పూజ". అది తెలిసిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది.

సరే, ఇప్పుడు మీ రెజ్యూమే దగ్గరికి వద్దాం. అమెరికాలో ఈ గౌరవాలు ఎక్కువగా బ్యాచిలర్ డిగ్రీకి ఇస్తారు. హార్వర్డ్ 1869లో గౌరవాలు ఇవ్వడం మొదలుపెట్టింది, మాగ్నా అనే మధ్య మెట్టు 1880లో వచ్చి చేరింది, మిగతావాళ్లు ఆ దారి పట్టారు. ఒక్కో కాలేజీది ఒక్కో లెక్క. ఒకచోట జీపీఏ ఇంత దాటాలి అంటారు, ఇంకోచోట బ్యాచ్‌లో మొదటి ఇంత శాతం మందికే అంటారు. ఒకే కాలేజీలో కూడా ఏడాదికో గీత మారుతుంది. అలాంటప్పుడు 8.6 ఏ మెట్టుకు సమానమో ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు. క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ చేసే వెస్ లాంటి సంస్థలు కూడా మీ డిగ్రీ దేనికి సమానమో, జీపీఏ ఎంతో చెప్తాయి గానీ లాటిన్ గౌరవం అంటగట్టవు.

రాస్తే ఏమవుతుందో నేను దగ్గరగా చూశాను. ఒక అబ్బాయి బీటెక్‌లో కాలేజీ టాపర్. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అతని రెజ్యూమేలో "సుమ్మా కుమ్ లౌడే" అని పెట్టారు. అతనికి అర్థం కూడా తెలియదు. ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చి బ్యాక్‌గ్రౌండ్ చెక్ పెట్టింది. ఆ మాట సర్టిఫికెట్‌లో ఎక్కడుందో చూపించమని మెయిల్ వచ్చింది. అర్ధరాత్రి నాకు ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. అతని చదువులో అబద్ధం ఒక్కటీ లేదు, అన్నీ నిజమైన మార్కులే. ఆ ఒక్క మాట వల్ల మిగతావన్నీ అనుమానంలో పడ్డాయి. కాలేజీ నుంచి ర్యాంక్ లెటర్ తెప్పించి, జరిగింది జరిగినట్టు రాసి పంపించాం. ఉద్యోగం మూడు వారాలు ఆగి, చివరికి వచ్చింది. ఆ మూడు వారాలు వాళ్ల ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

కాబట్టి మీరు ఇలా రాయండి: "ఎమ్మెస్సీ, ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్, సీజీపీఏ 10కి 8.6." అంతే. "10కి" అన్న మాట మరిచిపోకండి. అమెరికాలో ఎక్కువచోట్ల జీపీఏ 4కి లెక్క కడతారు, 8.6 అని ఒంటరిగా ఉంటే చదివేవాళ్లు తికమక పడతారు. బ్యాచ్‌లో మీ ర్యాంక్ ఎంతో కాలేజీ రాసిస్తే దాన్నీ చేర్చండి. "62 మందిలో రెండో ర్యాంక్" అన్న వాక్యానికి ఏ లాటిన్ మాటకూ లేని బలం ఉంది, ఎందుకంటే ఏ దేశంవాళ్లకైనా అది ఒకేలా అర్థమవుతుంది. డిస్టింక్షన్ గీత కూడా మన దగ్గర యూనివర్సిటీని బట్టి మారుతుంది. మీ మెమో వెనక వైపు గ్రేడింగ్ పట్టిక అచ్చయి ఉంటుంది, ఆ పేజీని కూడా స్కాన్ చేసి పంపండి. చాలామంది ముందు పేజీ ఒక్కటే స్కాన్ చేస్తారు, అదే పొరపాటు.

రేపు మీరూ జర్మనీ వైపు చూస్తే, అక్కడ మార్కులు మార్చడానికి బవేరియన్ ఫార్ములా అని ఒకటి ఉంది. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేయాలి, దాన్ని గరిష్ఠానికి, పాస్ మార్కుకు ఉన్న తేడాతో భాగించాలి, 3తో హెచ్చించి 1 కలపాలి. మీ 8.6కి పాస్ మార్కు 5 అనుకుంటే 1.4ని 5తో భాగిస్తే 0.28, మూడింతలు 0.84, ఒకటి కలిపితే 1.84. పాస్ మార్కు 4 అయితే అదే 8.6కి 1.7 వస్తుంది. చూశారా, మెమో వెనక పేజీలో ఉన్న పాస్ మార్కు ఎంత తేడా తెస్తుందో. అందుకే ఆ పేజీ గురించి ఇంతగా చెప్తున్నాను. ఇంకో విషయం, 2022 నవంబర్ 1 నుంచి జర్మనీలో డిగ్రీ చదవడానికి వెళ్లే మన విద్యార్థులు ఏపీఎస్ అనే జర్మన్ పరిశీలన సంస్థ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. మీ పత్రాలు అసలువేనా అని ఆ సంస్థవాళ్లు చూస్తారు. పత్రంలో లేని మాట రెజ్యూమేలో ఉంటే ఇబ్బంది పడేది మీరే.

తెలుగులో ఏమనాలి అని అడిగారు. నేను వాడేవి ఇవి: సుమ్మాకు "అత్యున్నత ప్రశంసతో", మాగ్నాకు "విశేష ప్రశంసతో", కుమ్ లౌడేకి "ప్రశంసతో". రీటే అయితే ఏమీ చేర్చకుండా "పీహెచ్‌డీ పూర్తి చేశారు" అంటే చాలు. "ప్రథమ శ్రేణి", "స్వర్ణ పతకం" అని రాయకండి, అవి వేరే వ్యవస్థల మాటలు. "గౌరవ డాక్టరేట్" అని అసలే రాయకండి. ఈ పొరపాటు పేపర్లలో కూడా చూశాను. గౌరవం అన్న మాట బాగుంది కదా అని వాడేస్తారు, కానీ గౌరవ డాక్టరేట్ అంటే "హోనోరిస్ కౌజా", గౌరవించడం కోసం పరీక్ష లేకుండా ఇచ్చేది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పెద్దలకు ఇచ్చిన "కళాప్రపూర్ణ" లాంటిది. మీ తమ్ముడు ఏళ్ల తరబడి ల్యాబ్‌లో నిలబడి కష్టపడి సంపాదించుకున్నాడు, దాన్ని ఆ మాటతో కలిపేస్తే అతని కష్టం కనిపించదు.

లాటిన్ మాటను తెలుగు లిపిలో రాయాలంటే "మాగ్నా కుమ్ లౌడే" అని రాయండి. అమెరికా నుంచి వచ్చినవాళ్లు "కమ్ లాడీ" అన్నట్టు పలుకుతారు, అది వాళ్ల యాస. జర్మనీలో విన్నట్టు రాస్తే మీ తమ్ముడు చదివి నవ్వుకోడు.

ఫ్లెక్సీకి నేనైతే ఇలా రాయిస్తాను: పైన మీ తమ్ముడి పేరు, కింద "జర్మనీలో విశేష ప్రశంసతో (మాగ్నా కుమ్ లౌడే) పీహెచ్‌డీ పరిశోధన పూర్తి చేసిన మన ఊరి బిడ్డకు అభినందనలు". దాని కింద అతని పరిశోధన దేని గురించో తెలుగులో ఒక్క వాక్యం. ఈ వాక్యం ఎవరూ రాయరు, కానీ బస్టాండ్ దగ్గర నిలబడి చదివే పదో తరగతి పిల్లకు పనికొచ్చేది అదే. మీ తమ్ముడినే అడిగి రాయించండి. పట్టా చేతికొచ్చాక పేరు ముందు "డాక్టర్" చేర్చి ఇంకో ఫ్లెక్సీ వేసుకోవచ్చు. ప్రచురణ ఎప్పుడవుతుందో, వాళ్ల యూనివర్సిటీలో "డెస్" వాడనిస్తారో లేదో అతను చెప్పాక ఇక్కడ రాయండి, తేదీ చూసి ఏ మాట వాడాలో చెప్తాను.